నడుంనొప్పికి మూడు కొటేషన్లు

కొండల కింది ఆ బస్సు డిపోలో ఉద్యోగుల కోసం చిన్న డిస్పెన్సరీ ఒకటుంది. డాక్టర్ హైమవతి వచ్చిన దగ్గర్నుంచీ అక్కడ ఏ గొడవా లేదు. ఎవరికైనా ఉన్నట్టుండి నడుం పట్టేస్తే ఆవిడ పరీక్షగా చూసేది. కాళ్లలో తిమ్మిరుందా, కడుపులో పుండుందా అని అడిగేది. నొప్పీ వాపూ తగ్గించే బిళ్లలు కొద్దిరోజులకు ఇచ్చి, అన్నం తిన్నాకే వేసుకోమనీ, మంచానికి అతుక్కుపోకుండా అటూ ఇటూ తిరుగుతూ ఉండమనీ చెప్పి పంపేది. అలా వెళ్లినవాళ్లకి తగ్గిపోయేది కూడాను. అంత సాఫీగా ఏదైనా నడుస్తోందంటే లోపల ఏదో అవకతవక ఉండి తీరాలి కదా. అందుకని ఆడిట్‌వాళ్లు వచ్చారు.

వాళ్లు బీరువా తెరిపించారు. అందులో తెల్లబిళ్లల డబ్బా ఒకటి, పసుప్పచ్చ బిళ్లల డబ్బా ఒకటి కనిపించాయి. ఒక కండక్టరు నడుముకి తెల్లవి ఇచ్చారు, ఒక మెకానిక్కు నడుముకి పసుప్పచ్చవి ఇచ్చారు. ఏ ప్రాతిపదికన ఇచ్చారని అడిగారు. హైమవతి పాపం చిన్నపిల్ల, ఉన్నమాట చెప్పేసింది. హఠాత్తుగా వచ్చే నడుంనొప్పికి ఈ జాతి బిళ్లలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేలా పనిచేస్తాయనీ, మనిషి కడుపూ కిడ్నీలూ బీపీ చూసుకుని ఏదిచ్చినా ఒకటేననీ, ఆ పూట తెల్లవి అయిపోతే పసుప్పచ్చవి ఇచ్చాననీ అంది. ఆఫీసుల్లో తెలియదన్నవాణ్ణి క్షమిస్తారు. తెలుసన్నవాణ్ణి ఆధారం అడుగుతారు. ఆవిణ్ణీ అడిగారు.

ఆ సంస్థకి ఒకే ఒక్క మతం ఉంది. దాని పేరు మూడు కొటేషన్లు. గుండుసూది కొన్నా మూడు కొటేషన్లు, గుమ్మానికి తోరణం కట్టినా మూడు కొటేషన్లు. మూడూ పక్కపక్కన పెట్టి, తక్కువదాని కింద గీత గీసి, దాన్నే పుచ్చుకోవాలి. ఇన్నేళ్లుగా ఉద్యోగుల నొప్పులు ఈ మతంలో కలవకుండా బయట తిరుగుతున్నాయని తెలిసి ప్రధాన కార్యాలయం నివ్వెరపోయింది. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది.

"ఉద్యోగుల నడుములయందు ఆకస్మికముగా తలెత్తు నొప్పుల నివారణకై బిళ్లల ఎంపిక ఇష్టానుసారముగా జరుగుచున్నట్లు గమనించడమైనది. ఇకమీదట మూడు రకముల బిళ్లలపై సక్రమ తులనాత్మక పరిశీలన జరగనిదే ఏ ఉద్యోగి నొప్పినీ తగ్గించరాదు. బయట మందులు వాడి పరిశీలనకు భంగము కలిగించినవారికి ఆరోగ్య ధ్రువపత్రము ఇవ్వబడదు."

ఈ ఉత్తర్వు డిస్పెన్సరీ గోడకి అంటించిన వారంలోనే డ్రైవరు తవిటినాయుడి నడుం పట్టేసింది.

తవిటినాయుడు ఘాటీ మీదికి పోయే మొదటి బస్సు నడుపుతాడు. ఆ కొండదారిలో ఏ మలుపు ఎలా తిరుగుతుందో ఆయన చేతులకే తెలుసు, తలకి తెలియదు. చింతపండు బుట్టలతో సంతకి పోయే ఆడవాళ్లు ముందు వచ్చిన జీపులు వదిలేసి మరీ ఆయన బండి కోసం ఆగేవారు. ఇంట్లో పెద్దగా మాట్లాడడు, బజారులో ఎవరితోనూ తగువు పడడు. ఆయన మగతనమూ మర్యాదా అన్నీ ఆ స్టీరింగు దగ్గరే ఉన్నాయి. అలాంటి మనిషి ఆ ఉదయం అద్దం తుడిచి, కింద పడ్డ తుండుగుడ్డ తీద్దామని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

కండక్టరూ మరో ఇద్దరూ పట్టుకుని డిస్పెన్సరీకి తెచ్చారు. హైమవతి చూసింది. నరాలకేమీ కాలేదు, కండరం పట్టేసింది, తగ్గిపోతుందని ధైర్యం చెప్పి, అలవాటు కొద్దీ బీరువా వైపు చెయ్యి చాపింది. కాంపౌండరు దగ్గి గోడవైపు చూపించాడు. బీరువాకి సీలు వేసి ఉంది.

మందుల షాపులో కొనుక్కుంటానన్నాడు తవిటినాయుడు. హైమవతి సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పింది. బయట మందు వేసుకుంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే డ్యూటీ ఎక్కనివ్వరు. నడుంనొప్పితో నెల దాటినా డ్యూటీ ఎక్కలేని డ్రైవరుకి స్టీరింగు తీసేసి షెడ్డులో పని ఇస్తారు. అది పాత రూలే. తవిటినాయుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన కంటే ముందు ఘాటీ నడిపినవాడు ఇప్పుడు షెడ్డులో బస్సుల కింద చీపురు పట్టుకుని కనిపిస్తూనే ఉంటాడు.

"నొప్పి ఓర్సుకుంతానమ్మా," అన్నాడు తవిటినాయుడు, బల్ల అంచు పట్టుకుని. "బండి పోతే మాత్రం ఓర్సుకోనేను. ఆ పరిశీలనేటో బేగి సేయించీండి."

బేగి చేయించడానికి ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు స్టోర్సు అధికారి పరాంకుశరావు. వైద్యం సంగతి ఆయనకి తెలియకపోవచ్చు గానీ పోల్చడంలో ఆయనంతటివాడు లేడు. టైర్లు పోల్చాడు, సీటు కవర్లు పోల్చాడు, ఒకసారి ఫినాయిలు మూడు రకాలు వాసన చూసి రెండురోజులు పడుకున్నాడు. సభ్యులు ఇద్దరు. లా ఆఫీసరు చయనులుగారు ఒకరు, పేరు కంటే చూపు ముందు తెలిసే విజిలెన్సు అధికారి ఒకరు. సలహా అవసరమైతే అడుగుతామని డాక్టరు హైమవతికి గోడవార కుర్చీ ఒకటి వేశారు.

సంఘం కూర్చునేది జోనల్ ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యదు. దాని మరమ్మతుకి రెండు కొటేషన్లే వచ్చాయి, మూడోదానికోసం చూస్తున్నారు. తవిటినాయుడు రెయిలింగు పట్టుకుని, మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కి వెళ్లాడు.

మొదటి రోజు నొప్పి ఆకస్మికమేనా అన్నది తేల్చాలన్నారు. విజిలెన్సు అధికారి, అంతకు ముందురోజు నడుంనొప్పి లేదనడానికి సాక్ష్యం ఏమిటని అడిగాడు. తాను ఘాటీ ఎక్కి దిగానని తవిటినాయుడు చెప్పాడు. ఎక్కి దిగినంత మాత్రాన నొప్పి లేదని ఎలా అనుకోవాలి, నొప్పిని దాచి ఉండొచ్చు కదా అన్నాడాయన. తుండుగుడ్డ పడినప్పుడు పక్కన ఎవరున్నారని చయనులుగారు ఆరా తీశారు. కండక్టరు ఉన్నాడంటే, నొప్పి వచ్చే సమయానికి సాక్షి సిద్ధంగా ఉండడం ఆకస్మికతకి విరుద్ధం కాదా అని సందేహపడ్డారు. ఆ పూటకి ఆకస్మికతని షరతులతో ఒప్పుకున్నారు.

రెండో రోజు నొప్పిది నడుం కిందిభాగమేనా అన్న ప్రశ్న వచ్చింది. పరాంకుశరావు టేపు తెప్పించి నేలనుంచి కొలిచాడు. తవిటినాయుడు పొట్టివాడు. ఆయన నడుం మధ్యభాగం, విజిలెన్సు అధికారి నడుం కిందిభాగం కంటే దిగువన ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన తవిటినాయుడికి ఎక్కడ నొప్పి వచ్చినా అది కిందిభాగమే అవుతుందని ఏకగ్రీవంగా తీర్మానించారు. నొప్పి ఎంత అని అడిగి, పదికి ఎనిమిదని రాసుకుని, గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గానీ, ఇక్కడ కాకి కనీసం సంతకమైనా చేసింది.

తర్వాత మూడు కంపెనీల ప్రతినిధులు టైలు కట్టుకుని వచ్చారు. తమ తెల్లబిళ్ల అందరికంటే త్వరగా పనిచేస్తుందని మొదటివాడు రంగురంగుల బొమ్మలు చూపించాడు. తమ పసుప్పచ్చ బిళ్ల అందరికంటే ఎక్కువసేపు పనిచేస్తుందని రెండోవాడు అంతకంటే పెద్ద బొమ్మలు చూపించాడు. ఎర్రబిళ్ల తెచ్చిన మూడోవాడు, కడుపుని పువ్వులా చూసుకునేది తమదేనన్నాడు. గోడవార కుర్చీలోంచి హైమవతి, ముగ్గురూ తమ బిళ్లని తమకి కావలసిన చోట, తమకి కావలసిన మోతాదులో పోల్చుకున్నారనీ, నిదానంగా అన్నీ కలిపి చూసినవాళ్లకి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదనీ చెప్పబోయింది. సలహా అవసరమైనప్పుడు అడుగుతామని పరాంకుశరావు మర్యాదగా గుర్తుచేశాడు. ఆయన దృష్టి అప్పటికే గ్యారంటీ మీద ఉంది. బిళ్ల ఎన్ని కిలోమీటర్లకి పనిచేస్తుందని ముగ్గురినీ అడిగాడు.

చివరికి మూడు రకాల బిళ్లలూ సీలు వేసిన కవర్లలో పుచ్చుకున్నారు. ఒకే మనిషి మీద మూడూ పరీక్షించాలి. ఒకే పూట మూడూ వేసేస్తే త్వరగా తేలిపోతుంది కదా అన్నాడు పరాంకుశరావు. ఇక్కడ మాత్రం హైమవతి లేచి నిలబడింది. ఇలాంటివి రెండు కలిపి మింగితే కడుపులో రక్తం పడొచ్చని, కిడ్నీలు దెబ్బతింటాయని, తన కళ్లముందు అది జరగనివ్వనని గట్టిగా చెప్పింది. గదిలో ఎవరూ ఆమె వంక చూడలేదు గానీ, వేరువేరు రోజుల్లో వెయ్యడానికి ఒప్పుకున్నారు. దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. మొదటి బిళ్ల ఎనిమిది నొప్పి మీద పనిచేసి, రెండోదానికి ఐదు నొప్పే మిగిలితే పోటీ సమానం కాదు. టెండరు రూలు ప్రకారం అందరికీ ఒకే సరుకు చూపించాలి.

చయనులుగారు కళ్లు మూసుకుని ఆలోచించి ఉత్తర్వు చెప్పారు. "మూడు కవర్లూ తెరిచి, పరిశీలన పూర్తయ్యేవరకు నొప్పిని యథాస్థితిలో కొనసాగించవలెను. ఉద్యోగి దానిని పెంచరాదు, తగ్గించరాదు, ఇతరులకు బదలాయించరాదు."

కవర్లు తెరవడానికి ప్రధాన కార్యాలయం తేదీ ఇవ్వాలి. తేదీ రావడం ఆలస్యమైంది. ఈలోగా తవిటినాయుడు హాజరు వేయించుకోవడానికి రోజూ డిపో నుంచి జోనల్ ఆఫీసుకి నడిచేవాడు, మూడంతస్తులు ఎక్కేవాడు, సార్లు లేరంటే దిగేవాడు. మొదట కుంటుకుంటూ ఎక్కాడు. పోనుపోను చెయ్యి ఆనించకుండా ఎక్కాడు. ఒక ఉదయం మెట్లు ఎక్కేసి పైన నిలబడ్డాక గాని తనకి నొప్పి లేదన్న సంగతి గుర్తుకు రాలేదు. సంఘం తనకి తెలియకుండానే వైద్యం చేసేసింది.

ఆ రాత్రి సంతోషంగా పెళ్లాం పోలమ్మకి చెప్పాడు. నొప్పి పోయినాదని సార్లకి సెప్పీయి మావా, సర్టిపికెట్టు ఇచ్చీస్తారు అందామె. లోకం మీద ఇంకా నమ్మకం ఉన్న ఇల్లాలు.

తవిటినాయుడు వెళ్లి చేతులు కట్టుకుని, తనకి తగ్గిపోయిందనీ, నెల దాటకుండా బండి ఇప్పించమనీ అడిగాడు. పరాంకుశరావు ముఖం, బియ్యం తూకం వేసేవేళ గాలికి త్రాసు పడిపోయిన వర్తకుడి ముఖంలా అయింది. యథాస్థితి ఉత్తర్వు అమల్లో ఉండగా నొప్పి ఎవరి అనుమతితో పోయిందని చయనులుగారు అడిగారు. దానంతటదే పోయిందన్నాడు తవిటినాయుడు. విజిలెన్సు అధికారి మొదటిసారి చిరునవ్వు నవ్వాడు. దానంతటదే పోయేదైతే మొదట్లోనే లేదన్నమాట. ఉండి పోయిందంటే బయట మందు వేసుకున్నాడన్నమాట. మొదటిది మోసం, రెండోది భంగం, ఏదయినా సర్టిఫికెట్ రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పరాంకుశరావు మాత్రం జాలిగుండె కలవాడు. "చూడు నాయుడూ, నీ మీద మాకు కోపమేం లేదు. కవర్లు తెరిచేదాకా అది అలాగే ఉండి ఉంటే మా చేతులమీదుగా తగ్గించి, సంతోషంగా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం," అని నిట్టూర్చాడు.

తవిటినాయుడు ఒక్క క్షణం కిటికీలోంచి కొండల వైపు చూశాడు. చూసి, నెమ్మదిగా కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుని, పక్కకి వాలాడు.

"ఉన్నాది బాబూ. ఇక్కడే ఉన్నాది," అన్నాడు. "మెట్లెక్కినాను గదా, ఊపిరాడక కనపడనేదు."

సంఘం మొత్తం ఊపిరి పీల్చుకుంది. నొప్పి పదికి ఎనిమిది వద్దే యథాతథంగా ఉన్నట్టు మళ్లీ సంతకం చేయించారు. హైమవతి మాత్రం నొప్పిలేని మనిషికి బిళ్ల వెయ్యనంది. టైర్లు పరీక్షించేటప్పుడు టైర్లు బిగించేవాణ్ణి పిలవం కదా అని పరాంకుశరావు ఆవిడ కుర్చీ గది బయట వేయించాడు.

తేదీ వచ్చింది. తెల్లకవరు తెరిచారు. తవిటినాయుడు బిళ్ల నోట్లో వేసుకుని, బుగ్గన దాచి, నీళ్లు తాగి, మర్యాదగా బయటకి పోయి పూలకుండీలో ఉమ్మేశాడు. హైమవతి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. లోపలికొచ్చాక ఇప్పుడెంత అని అడిగారు. తవిటినాయుడికి పెద్ద ధర్మసందేహం వచ్చింది. ఆ తెల్లబిళ్ల కుర్రాడు పొద్దున్న బయట బెంచీ మీద కూర్చుని, ఈ ఆర్డరు రాకపోతే తన ఉద్యోగం ఊడుతుందని చెప్పుకుని బాధపడ్డాడు. పసుప్పచ్చవాడికి ఇంట్లో పసిబిడ్డ. ఎర్రబిళ్లవాడు ఎవరితోనూ మాట్లాడలేదు, బహుశా అతని బాధ ఇంకా పెద్దది. ఒకరికి ఎక్కువిచ్చి ఇంకొకరి పొట్ట కొట్టడం తన వంశంలో లేదు. అందుకని మూడు అని చెప్పాడు. పసుప్పచ్చ కవరు తెరిచిన రోజు నొప్పిని బుద్ధిగా మళ్లీ ఎనిమిదికి తెచ్చి, బిళ్ల వేశాక మూడే చెప్పాడు. ఎర్రకవరుకీ మూడే.

ఇది ఇంగితజ్ఞానం ఉన్నచోట శుభవార్త. మూడూ సమానమే, ఏదో ఒకటి కొనుక్కోండి అని లేచిపోతారు. కానీ స్టోర్సులో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి మూడు కొటేషన్లూ ఒకే అంకె చూపిస్తే ఒళ్లు మండుతుంది. పరాంకుశరావు కుర్చీలోంచి లేచాడు.

"కుమ్మక్కయ్యారు," అన్నాడు. "మూడు కంపెనీలూ లోపాయికారీగా మాట్లాడుకుని ఒకే అంకె తగ్గించాయి."

బిళ్లలు మాట్లాడుకుంటాయా అని గుమ్మంలోంచి హైమవతి అడిగింది. మాట్లాడుకోకపోతే మూడు వేరు రంగుల బిళ్లలకి ఒకే ఫలితం ఎలా వస్తుందో చెప్పమన్నాడాయన. అదే కదండీ మొదట్నుంచీ నేను చెప్పింది అందామె. చెప్పిందంటే ముందే తెలుసన్నమాట, ముందే తెలుసంటే కుమ్మక్కులో ఆవిడ పాత్ర ఏమిటన్నది కూడా చూడాలని విజిలెన్సు అధికారి కాగితం అందుకున్నాడు. మూడు కంపెనీలనీ నల్లజాబితాలో పెట్టారు. తెల్లబిళ్ల కుర్రాడు బెంచీ మీంచి లేచి, తవిటినాయుడి వంక చూడకుండా వెళ్లిపోయాడు.

మళ్లీ టెండరు పిలవాలి. తవిటినాయుడికి నెల గడువు ఆ మర్నాటితో సరి. ఆయన భయం మానుకుని ఉన్నదంతా కక్కేశాడు. నొప్పి ఎప్పుడో పోయిందనీ, బండి కోసం అబద్ధమాడాననీ, బిళ్లలేవీ మింగలేదనీ, ఏమీ వేసుకోకుండానే తగ్గిందనీ చెప్పి, తన స్టీరింగు తనకిచ్చెయ్యమని చేతులు జోడించాడు.

ఆ మాటల్లో పరాంకుశరావుకి వినిపించింది ఒక్కటే. ఆయన పెన్ను తీసి పోలిక పట్టిక కింద నాలుగో గడి గీశాడు. తెల్లబిళ్ల ఎనిమిదిని మూడుకి దింపింది. పసుప్పచ్చదీ అంతే, ఎర్రదీ అంతే. ఏమీ ఇవ్వకపోవడం ఎనిమిదిని సున్నాకి దింపింది. పైగా ఖర్చు కూడా సున్నా. ఇంత తక్కువ కొటేషన్ ఆయన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. టెండరులో పాల్గొనని సరుకుని ఆమోదించవచ్చునా అని చయనులుగారు కాసేపు కొట్టుమిట్టాడి, పోటీదారులందరూ అనర్హులైనప్పుడు చెల్లుతుందని తేల్చారు. ఆకస్మిక నడుంనొప్పికి సంస్థ ఆమోదించిన వైద్యంగా 'ఏమీ ఇవ్వకపోవుట' ఆనాడే రికార్డుకెక్కింది.

మరి నా సర్టిఫికెట్టు అన్నాడు తవిటినాయుడు. దానికి చయనులుగారు చాలా విచారించారు. ఆయనకి నొప్పి తగ్గిన నాటికి ఆ వైద్యం ఇంకా ఆమోదం పొందలేదు. ఆమోదం పొందని వైద్యంతో బాగుపడ్డవాడు, రూలు దృష్టిలో బాగుపడనట్టే. నెల నిండింది. తవిటినాయుణ్ణి షెడ్డుకి వేశారు. ఘాటీ బండికి కొత్త కుర్రాణ్ణి వేశారు. సంతకి పోయే ఆడవాళ్లు కొన్నాళ్లు ఆగి చూసి, తర్వాత జీపులెక్కడం మొదలుపెట్టారు.

ఈ విజయం విని ప్రధాన కార్యాలయం పొంగిపోయింది. మిగతా డిపోలకీ ఇదే వైద్యం వర్తింపజేశారు. డిపో ఆవరణలో షామియానా వేసి సన్మానసభ పెట్టారు. పరాంకుశరావుకి శాలువా కప్పారు. కొండని తవ్వి ఎలుకను పట్టారంటారే, ఈయన ఆ ఎలుక కూడా లేకుండా కొండని తవ్వినందుకు అందుకున్న శాలువా అది. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టనిది మనం పైసా ఖర్చు లేకుండా కనిపెట్టామని ఆయన మైకులో చెప్పాడు. బాగుపడిన ఉద్యోగి నాలుగు మాటలు చెబుతాడని తవిటినాయుణ్ణి పిలిచారు.

తవిటినాయుడు మైకు దగ్గరికి వచ్చి, అందరికీ దండం పెట్టాడు.

"నొప్పి పోయినాది బాబూ," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, "దాంతోటే నా బండీ పోయినాది," అన్నాడు. రెండో మాటకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ నివేదికలో మొదటి మాటే ఎక్కింది.

వందన సమర్పణ అయ్యాక, కుర్చీలు ఎత్తడం షెడ్డువాళ్ల పని కనుక తవిటినాయుడు తువ్వాలు నడుముకి బిగించి పనిలో దిగాడు. పొద్దుటినుంచీ బస్సుల కింద వంగి ఊడ్చి ఊడ్చి ఉన్నాడు. ఇనప కుర్చీలు నాలుగు ఒక్కసారి ఎత్తబోయి, చప్పుడు చెయ్యకుండా అలాగే బిగుసుకుపోయాడు. కుర్చీలు జారి పడ్డాయి. పోలమ్మ జనంలోంచి పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. "మావా, మావా" అంటోంది గాని ఆయన తల ఎత్తలేకపోతున్నాడు. హైమవతి వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లు కదుపుతారా అని అడిగి చూసి, తన చేతిసంచీ తెరిచింది.

సంచీలోకి పోయిన చేతిమీద విజిలెన్సు అధికారి చూపు ఉంది. వేదిక మీంచి పరాంకుశరావు శాలువా సర్దుకుంటూ గబగబా దిగి వచ్చాడు. ఆయన ముఖంలో నిజమైన కంగారు ఉంది, నిజమైన ఆప్యాయత ఉంది.

"ఆగండి డాక్టరుగారూ, భయపడకండి," అన్నాడు. "ఇప్పుడు మన దగ్గర ఆమోదించిన వైద్యం ఉంది కదా."

అధికారులందరూ తవిటినాయుడి చుట్టూ వలయంగా నిలబడి, నియమం ఏమాత్రం తప్పకుండా, ఆయనకి ఏమీ ఇవ్వలేదు.